లైన్ బాక్సులో వైఫై

ఖరిదా పేటలో సోమేశ్వరరావు గారింటి వైఫై ఒకనాడు పట్టాలు తప్పి బాలాసోర్‌లో తేలింది. అక్కడ ప్లాట్‌ఫారం మీద టీ అమ్ముకునేవాడి ఫోన్‌లో ఖరిదా ఆడవాళ్ళ భజన పాటలు గణగణా మోగాయి.

బాలాసోర్ అన్నది కాస్త దూరమే, ఒప్పుకోవాలి. మధ్యలో ఏదైనా చిన్న స్టేషన్ అనుకున్నా అభ్యంతరం లేదు. గట్టిగా నిలదీస్తే, అది పక్కింటి విల్‌ఫ్రెడ్ గారి వరండా దాటి పోలేదు. టీ సంగతి మాత్రం పూర్తిగా కల్పన కాదు, ఆ పూట విల్‌ఫ్రెడ్ టీ కాచుకుంటున్నాడు. ఏమైతేనేం, సొంత ఇంటి హాల్లో దొరకని వైఫై గోడ అవతల దొరికింది. ఈ ఒక్క ముక్కలో అతిశయోక్తి లేదు.

సోమేశ్వరరావు గారు రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగమంతా మయూర్‌భంజ్ వైపు ఒక ఒంటి లైను మీద గడిచింది. రోజుకు నాలుగు బళ్ళు వచ్చే స్టేషన్ అది. ఆ నాలుగూ ఒకదానికొకటి గుద్దుకోకుండా చూడడమే ఆయన పని, ఒక్కసారి కూడా గుద్దుకోలేదు. రిటైరయ్యాక ఆయన ఈ విషయాన్ని ఎవరికీ గొప్పగా చెప్పుకోలేదు. అడగనివాళ్ళకు మాత్రమే చెప్పేవారు.

ఇంట్లో భార్య బాలాంబ, కొడుకు విశ్వనాథ్, కోడలు సుచరిత. విశ్వనాథ్‌కు విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో షిఫ్టు పని. సుచరిత బడిలో టీచరు. ఆ ఇంటి హాల్లో ప్రతి శుక్రవారం దీపాలు పెట్టే వేళకు ఆడవాళ్ళ భజన జరుగుతుంది. బాలాంబ అత్తగారు మొదలుపెట్టింది. ఆవిడ పోయాక బాలాంబ చేతికి వచ్చింది. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్ల నుంచి కూడా ఆడవాళ్ళు నడిచి వస్తారు. ఆఖరి హారతి బాలాంబది. అది ఎవరూ రాసి పెట్టలేదు, ఎవరూ అడగలేదు కూడా.

ఇదివరకు నీలవేణి గారని ఒకావిడ హార్మోనియం వాయించేది. ఆవిడకు వేళ్ళు బిగుసుకుపోవడంతో పెట్టె మూలపడింది. అప్పటినుంచి సుచరిత ఫోన్‌లో ఇంటర్నెట్ నుంచి పాట పెట్టి స్పీకరుకు కలిపితే, దానితో గొంతు కలిపి అందరూ పాడడం అలవాటు చేసుకున్నారు. చిక్కంతా అక్కడే వచ్చింది. వైఫై ఆగితే పాట ఆగుతుంది. ఆడవాళ్ళు ఆగరు. ఎవరి శ్రుతిలో వాళ్ళు ముందుకు వెళ్ళిపోతారు. వైఫై తిరిగి వచ్చి పాట ఆగిన చోటునుంచే మొదలవుతుంది. అప్పటికే వీళ్ళ నోట మహిషాసురుడు చచ్చి ఉంటాడు. స్పీకర్లో ఇంకా మీసం మెలేస్తూ ఉంటాడు. ఒక్క సాయంత్రంలో అమ్మవారు వాణ్ణి మూడుసార్లు చంపవలసిన పరిస్థితి ఏర్పడింది.

"పాపం, అమ్మవారికి శ్రమ వదినా," అంది నాగేశ్వరమ్మ.

నాగేశ్వరమ్మ అంటే పక్క వీధిలో స్టీలు సామాన్ల కొట్టున్న రాధాకృష్ణమూర్తి గారి భార్య. మోకాళ్ళ నొప్పులు, మంచి గొంతు, అంతకన్నా మంచి వైఫై ఉన్న మనిషి.

"మా ఇంట్లో ఐతే ఇలాగ అవ్వదు. వచ్చే శుక్రవారం కూడా ఇలాగే ఐతే, మరి ఆ పై వారం నుంచి మా హాల్లో పెట్టుకుందాం. నాను ఊరికే అన్నాను, నీ ఇష్టం."

ఊరికే అన్న మాటకు అక్కడున్న ఆడవాళ్ళలో సగంమంది తలలూపారు. బాలాంబ లెక్కపెట్టలేదు కానీ ఎవరెవరు ఊపారో చూసుకుంది.

అందరూ వెళ్ళాక ఆవిడ వరండాలోకి వచ్చింది. సోమేశ్వరరావు గారు పేపరు చదువుతున్నారు. శుక్రవారాలు ఆయన వరండాలో కూర్చుని, భజన వల్ల తనకు పేపరు చదవడం ఎంత కష్టమవుతోందో ముఖంలో చూపించేవారు. పాట ఆగి అందరి గొంతులూ చెదిరినప్పుడు ఒక్క గొంతే శ్రుతి తప్పకుండా నిలబడేది, అది బాలాంబది. అలాంటప్పుడు ఆయన పేజీ తిప్పేవారు కాదు. ఈ విషయం ఆవిడకు ఎప్పుడూ చెప్పలేదు.

"నాగేశ్వరమ్మ భజన పట్టుకుపోతాదంట," అంది బాలాంబ.

"పోనీ."

"పోనీయా? అత్తయ్యగారు పెట్టినది. నా కాళ్ళు ఆడినన్నాళ్ళూ ఈ హాల్లోనే. అన్ని బళ్ళు నడిపినానంటారు గదా, ఒక్క పాట ఇవతల గోడ నుంచి అవతల గోడకి నడపలేరేటి?"

ఈ మాట ఆయనకు తగిలింది. పేపరు మడిచి, కనెక్షన్ ఇచ్చినవాళ్ళ ఆఫీసుకు ఫోన్ చేశారు.

"రౌటర్ బొంధో కోరే చాలు కోరున్, దాదా," అంది అవతలి గొంతు బెంగాలీలో. ఆపి మళ్ళీ వెలిగించండి అని.

"తర్వాత?"

"తార్‌పొర్ ఆబార్ ఫోన్ కోరున్." ఆ తర్వాత మళ్ళీ ఫోన్ చెయ్యండి అని.

అవతలి గొంతు చెప్పిన వైద్యం ఆ ఇంట్లో అప్పటికే జోరుగా సాగుతోందని ఆయనకు ఆ తర్వాత తెలిసింది. వైఫై డబ్బా హాల్లో కిటికీ పక్కన స్టూలు మీద ఉండేది. సుచరిత బడికి వెళ్ళేముందు దాన్ని ఆపి వెలిగించేది. విశ్వనాథ్ షిఫ్టు నుంచి వచ్చి ఆపి వెలిగించేవాడు. బాలాంబ చీపురు తగిలించి ఆపేది, వెలిగించేది మాత్రం ఇంకెవరో. సోమేశ్వరరావు గారు నిర్ఘాంతపోయారు. స్టేషన్లో బళ్ళకు దారి ఇచ్చే యంత్రాన్ని దారినపోయే ప్రతివాడూ ఇలా ఆపి వెలిగిస్తే ఏమవుతుంది? దానికి తాళం ఉంటుంది, తాళంచెవి మాస్టరు దగ్గర ఉంటుంది. ఇంత చిన్న సంగతి ఈ ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

ఆయన గోడ దగ్గరకు వెళ్ళి విల్‌ఫ్రెడ్‌ను పిలిచారు. విల్‌ఫ్రెడ్ రిటైరైన ఆంగ్లో ఇండియన్ ఇంజను డ్రైవరు. ఆయన దగ్గర పాత లైన్ బాక్సు ఉంది. డ్రైవర్లూ గార్డులూ డ్యూటీకి వెళ్ళేటప్పుడు జెండాలు, లాంతరు, అన్నం డబ్బా పెట్టుకునే ఇనుప పెట్టె అది. నల్లరంగు మీద తెల్ల అక్షరాలతో విల్‌ఫ్రెడ్ పేరు ఉంటుంది.

"తీసుకో మేన్," అన్నాడు విల్‌ఫ్రెడ్. "నా పెళ్ళి కన్నా గట్టి పెట్టె. మూత మాత్రం వంకర. సరిగ్గా పడదు."

"ఎందుకు పడదు?"

"నా పెళ్ళి కూడా అంతే. కారణం తెలీదు. బదులు ఏటిస్తావు?"

"ఏటి కావాల?"

"పాస్‌వర్డ్. సాయంకాలం పాటలు వింటాను మేన్. ముసలోణ్ణి."

ఒప్పందం కుదిరింది. సోమేశ్వరరావు గారు పెట్టెను స్టూలు ఉన్న చోటనే పెట్టి, కిటికీ వైపు రెండు కన్నాలు వేయించి, వైర్లు దూర్చి, డబ్బాను లోపల పెట్టి, తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నారు. పైన ఉతికిన తువ్వాలు పరిచారు. చూడడానికి ఎంతో పద్ధతిగా ఉంది. ఆ రోజునుంచి హాల్లో వైఫై అదివరకటి కన్నా అధ్వాన్నమైంది.

విశ్వనాథ్ షిఫ్టు నుంచి వచ్చి పెట్టెను చూశాడు. చుట్టూ తిరిగి మళ్ళీ చూశాడు.

"నాన్నా, ఇనప పెట్టెలో పెడితే సిగ్నల్ బయటికి రాదు."

"మా స్టేషన్లో అన్నీ ఇనప పెట్టెల్లోనే ఉండేవి. బళ్ళు రాలేదేటి?"

"బళ్ళు పెట్టెలోంచి రాలేదు కదా."

"నువ్వు అప్పటికి పుట్టలేదు," అన్నారు సోమేశ్వరరావు గారు. దానితో ఆ చర్చ ముగిసింది.

పైగా ఆయన వైపు ఒక సాక్ష్యం కూడా దొరికింది. ఆ సాయంత్రం గోడ అవతల విల్‌ఫ్రెడ్ వరండాలో ట్రంపెట్ పాట ఒక్క క్షణం కూడా తెగకుండా మోగింది. విల్‌ఫ్రెడ్ టీ కాచుకుంటూ ఒంటరిగా స్టెప్పులేస్తున్నాడు. కన్నాలు రెండూ అటువైపే ఉన్నాయని విశ్వనాథ్ చెప్పబోయాడు. ఆయన వినిపించుకోలేదు. పెట్టెలోంచి సిగ్నల్ రాకపోతే అక్కడ ఆ ట్రంపెట్ ఎలా మోగుతోంది? వస్తోంది. వచ్చినదాన్ని విల్‌ఫ్రెడ్ వాడేస్తున్నాడు. అంటే జబ్బు పెట్టెలో లేదు, మనుషుల్లో ఉంది. ఒకే లైను మీద నాలుగు బళ్ళు ఒకేసారి తోలుతున్నారు.

దీనికి మందు ఆయనకు నిద్రలో కూడా తెలుసు. ఒంటి లైను మీద ఒక స్టేషన్‌కూ మరో స్టేషన్‌కూ మధ్య ఒక్క బండే ఉండాలి. దానికి గుర్తుగా ఒక ఇనుప గుండు ఉంటుంది. తోలుసంచిలో వేసి, పెద్ద రింగుకు తగిలించి డ్రైవరు చేతికి అందిస్తారు. దాన్ని టోకెన్ అంటారు. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే బండి కదపాలి.

సోమేశ్వరరావు గారు సుచరిత ఎంబ్రాయిడరీ రింగు అడిగి తీసుకున్నారు. కొట్టువాళ్ళిచ్చిన పసుపు గుడ్డసంచిలో విశ్వనాథ్ చిన్ననాటి క్రికెట్ బంతి వేసి దానికి కట్టారు. హాల్లో మేకుకు తగిలించారు. ఇకమీదట వైఫై కావలసినవాళ్ళు బంతి తీసుకుని తమ ఫోన్‌లో వైఫై వెలిగించుకోవాలి, పని కాగానే ఆపి తిరిగి మేకుకు తగిలించాలి.

"మావయ్య గారూ," అంది సుచరిత, "బడి నుంచి మెసేజ్ వచ్చిందో లేదో చూడ్డానికి కూడా బంతి పట్టుకోవాలా?"

"బండి చిన్నదైతే టోకెన్ అక్కర్లేదని ఎక్కడా లేదమ్మా."

"విల్‌ఫ్రెడ్ అంకులో?"

"గోడ మీంచి అందిస్తాను."

విల్‌ఫ్రెడ్ నిజంగానే గోడ మీంచి చెయ్యి చాచి, ఇంజనులోంచి అందుకున్నట్టే రింగులోకి మోచెయ్యి దూర్చి టోకెన్ లాక్కునేవాడు. ఆ ఇళ్ళలో ఈ ఏర్పాటు నచ్చినవాడు ఆయనొక్కడే.

మర్నాడు విశ్వనాథ్ పొరపాటున బంతిని డ్యూటీ సంచిలో వేసుకుని ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాడు. ఇంట్లో టోకెన్ లేదు. టోకెన్ పోయినప్పుడు ఏం చెయ్యాలో కూడా రైల్వేలో పద్ధతి ఉంది. ఒక మనిషినే టోకెన్‌గా నియమిస్తారు, ఆ మనిషి స్వయంగా ఎక్కితేనే బండి కదలాలి. సోమేశ్వరరావు గారు తనను తాను నియమించుకున్నారు. సుచరిత ఫోన్ చూసుకున్నంతసేపూ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆ అమ్మాయి వాళ్ళమ్మతో మాట్లాడదామనుకుని, మావయ్య గారి ముఖం చూసి, వాతావరణం గురించి మాత్రం మాట్లాడింది.

"కోడలు పిల్ల ఊపిరి తీసుకోడానికి కూడా బంతి అడిగేటట్టున్నాది," అంది బాలాంబ. "శుక్రవారం పాట ఆగదు గదా?"

"లైన్ మొత్తం నీ ఒక్కదానికే ఇస్తాను. ఇంకో బండి ఉండదు."

"సెప్తున్నాను సూడండి. ఆగితే నాను ఏటీ అనను. నాగేశ్వరమ్మ ఇంటికి నా దీపం సెమ్మెలు మీరే మోసుకెళ్ళాల."

కేకలేస్తే ఆయనకు భయం లేదు. ఏమీ అననంటేనే భయం.

శుక్రవారం వచ్చింది. విశ్వనాథ్‌ను ఫోన్ ముట్టొద్దన్నారు. పాటలు పెట్టనని విల్‌ఫ్రెడ్ నుంచి గోడ దగ్గర మాట తీసుకున్నారు. టోకెన్‌ను అమ్మవారి పటం పక్కన మేకుకు తగిలించారు. ఒకరిద్దరు ఆడవాళ్ళు అదేదో కొత్త మొక్కు అనుకుని దానికీ బొట్టు పెట్టారు.

మొదటి పాట సాగింది. నడుమ రెండుసార్లు తడబడింది కానీ పడిపోలేదు. సోమేశ్వరరావు గారు వరండాలో పేపరు తలకిందులుగా పట్టుకుని వింటున్నారు. రెండో పాట మొదలవుతుండగా నాగేశ్వరమ్మ వచ్చింది.

"కింద కూకోలేను వదినా. కుర్చీ లేదేటి?"

కుర్చీలు గుడిలో ఏదో పనికి వెళ్ళాయి. నాగేశ్వరమ్మ హాలంతా చూసి, కిటికీ పక్కన తువ్వాలు పరిచిన ఎత్తయిన పీట కనిపించగా దాని మీద కూర్చుంది. వంకర మూత కిర్రుమని మొదటిసారిగా సరిగ్గా పడింది.

పాట ఆగిపోయింది. ఈసారి తడబడడం కాదు. ఫోన్‌లో గుండ్రటి గుర్తు తిరుగుతూ ఉండిపోయింది. ఆడవాళ్ళు ఎప్పటిలాగే ముందుకు వెళ్ళిపోయారు, తలో వైపు. కాసేపటికి ఒక్కొక్కరే సన్నగిల్లి, ఆఖరికి బాలాంబ గొంతు ఒక్కటే మిగిలింది. ఆవిడ చరణం పూర్తిచేసి, వరండా వైపు చూడకుండా దీపంలో వత్తి సర్దింది.

"నాను సెప్పలేదేటి," అంది నాగేశ్వరమ్మ. "మా ఇంట్లో ఐతే ఎక్కడ కూకున్నా వస్తాది. ఉండండి, ఆ ఫోన్ ఇలాగివ్వండి." లేచి నిలబడి చెయ్యి చాచింది. పాట వచ్చింది. "సూసినారా," అని కూర్చుంది. పాట పోయింది.

సోమేశ్వరరావు గారు పేపరు దించారు.

నాగేశ్వరమ్మ తాంబూలం పళ్ళెం అందుకోవడానికి లేచింది. మహిషాసురుడు లేచాడు. కూర్చుంది. వాడూ కూలబడ్డాడు. ఇది ఆయనకు బాగా తెలిసిన సంగతి. కొన్ని స్టేషన్లలో బండి చక్రాలు పట్టా మీద ఉన్నంతసేపూ సిగ్నల్ దానంతటదే ఎర్రగా ఉంటుంది. బండి జరిగితేనే పచ్చ. లైను మీద నాగేశ్వరమ్మ ఉంది. అక్కడితో ఆగలేదు, దాని వెనకాలే విశ్వనాథ్ మాట కూడా వచ్చింది. మూత సందులోంచి కారే కాస్త సిగ్నలుతోనే ఇన్నాళ్ళూ ఇల్లు నడిచింది. ఆవిడ కూర్చున్నప్పుడల్లా ఆ సందు మూసుకుంటోంది. జబ్బు మనుషుల్లో లేదు, పెట్టెలోనే ఉంది.

అయితే ఏం చెయ్యాలి? అమ్మా, మీరు కూర్చుంటే పాట ఆగుతోంది, లేవండి అంటే ఆవిడ లేచి సరాసరి తన హాల్లోకే వెళుతుంది, సగం భజన వెంట వెళుతుంది. తప్పు నా పెట్టెది అని నలుగురిలో చెబుదామంటే, ఆ వాక్యం ఆయన ఎప్పుడూ పలకలేదు, నోరు ఎలా తిప్పాలో తెలియదు. హాల్లో ఎవరో చెప్పులు వెతుక్కుంటున్నారు. బాలాంబ దీపం సెమ్మెలు రెండూ దగ్గరకు జరుపుకుంటోంది.

ఆయన గడప దాటి హాల్లోకి వచ్చారు. శుక్రవారం మగవాడు ఆ హాల్లోకి రావడం అదే మొదటిసారి. అందరూ కొంగులు సర్దుకున్నారు.

"నాగేశ్వరమ్మ గారూ, ఇవాళ హారతి మీరు ఇవ్వాల."

బాలాంబ చెయ్యి సెమ్మె మీద ఆగిపోయింది.

"నానా?" అంది నాగేశ్వరమ్మ. "అది వదినది కదా అన్నయ్య గారూ."

"పెద్ద గొంతు ఉన్నోళ్ళు ఇవ్వాలని మా అమ్మ అనీది. ఆఖరి పాటంతా పటం దగ్గర నిలబడి ఇవ్వాల. కూకోకూడదు."

ఆయన అమ్మ అలా ఎప్పుడూ అనలేదు. ఆ సంగతి ఆ హాల్లో ఒక్క బాలాంబకే తెలుసు. ఆవిడ ఆయన ముఖం వైపు చూసింది, కిటికీ పక్క తువ్వాలు వైపు చూసింది. హారతి పళ్ళెం రెండు చేతులతో తీసి నాగేశ్వరమ్మకు అందించింది.

నాగేశ్వరమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచి, పటం దగ్గరికి వెళ్ళింది. అందరూ అటు తిరిగారు. సోమేశ్వరరావు గారు గోడవైపు తిరిగి, మొలతాడు తాళంచెవి విప్పుకుని, పెట్టె తెరిచి, డబ్బాను బయటకు లాగి కిటికీ గూట్లో పెట్టారు. పాట వచ్చింది. ఆఖరి చరణం దాకా, హారతి చల్లారేదాకా, ఒక్కచోట కూడా తెగలేదు. వెనక గదిలో విశ్వనాథ్ మాట తప్పి క్రికెట్ చూస్తున్నాడు. గోడ అవతల విల్‌ఫ్రెడ్ కూడా మాట తప్పి ట్రంపెట్ పెట్టుకున్నాడు. బంతి మేకునే ఉంది. మూడు బళ్ళు ఒకే లైను మీద ఎదురెదురుగా వెళుతున్నా ఏదీ గుద్దుకోలేదు. ఆయన ఖాళీ పెట్టెకు మళ్ళీ తాళం వేశారు.

వెళ్ళేటప్పుడు నాగేశ్వరమ్మ గడపలో ఆగింది. హారతి ఇచ్చిన ముఖం ఇంకా వెలుగుతోంది.

"వదినా, భజన ఇక్కడే ఉండనీ. మా ఇంట్లో పాట ఆగదు గాని, ఈ కళ రాదు. వచ్చే వారం నాను పెందలాడే వస్తాను. హారతి కర్పూరం నానే తెస్తాను."

"తీసుకురా," అంది బాలాంబ.

రాత్రి అన్నాలప్పుడు ఆవిడ ఆయన కంచంలో పప్పు వేసింది.

"పెట్టె విల్‌ఫ్రెడ్ గారికి ఇచ్చీండి."

"రేపు ఇస్తాను."

"కోడలి రింగు?"

"అదీ ఇచ్చేస్తాను."

"హారతో?"

ఆయన పప్పు కలుపుకున్నారు. ఆవిడ ఇంకొంచెం వేసింది, అడగకుండానే, నెయ్యి లేకుండా.

ఈ కథ అంతా ఖరిదాలోనూ న్యూ సెటిల్‌మెంట్‌లోనూ తెలిసిందే. సోమేశ్వరరావు గారిని అడిగితే మాత్రం ఆయన పేపరు పక్కన పెట్టి, అడిగినవాళ్ళను కూర్చోమని, నిదానంగా జవాబిస్తారు.

"ఎవడు సెప్పినాడు నీకు? మా ఇంట్లో వైఫై ఏనాడూ ఆగలేదు. లైన్ బాక్సు నాను ముట్టుకోలేదు. నాగేశ్వరమ్మ గారికి మోకాళ్ళ నొప్పుల్లేవు. శుక్రవారం సాయంకాలాలు నాను ఇంట్లోనే ఉండను. అదంతా అబద్ధం, ఒక్క ముక్క కూడా జరగలేదు."